మోజు వేరు, తపన వేరు

అనంతపురం,
ఆదివారం.

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. గచ్చిబౌలిలో ఉద్యోగం మానేసి, మదనపల్లె టమాటా రైతుల కోసం సోలార్ కరెంటుతో నడిచే చిన్న కోల్డ్ రూములు పెడతానన్నావు. ధర పడిపోయిన రోజుల్లో రోడ్డు పక్కన పారబోసిన టమాటాలు చూశాక మనసు మనసులో లేదన్నావు. చివర్లో, "నాకు ప్యాషన్ ఉంది మావయ్యా, అది చాలదా?" అని అడిగావు. మీ అమ్మేమో ఫోన్లో, "నువ్వైనా దానికి చెప్పన్నా" అంది.

వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు తల్లీ. ముప్పై ఏళ్లు వర్క్‌షాపు నడిపినవాణ్ణి, వ్యాపారం పెడతానన్న పిల్లను నేనెందుకు ఆపుతాను? నీ ప్రశ్నకే జవాబు చెబుతాను. నువ్వు ప్యాషన్ అంటున్నదానికి మన భాషలో రెండు మాటలున్నాయి. ఒకటి మోజు, రెండోది తపన. కొత్తలో రెండూ ఒకేలా ఉంటాయి. రెండింటిలోనూ నిద్ర పట్టదు, ఆకలి వేయదు, ఎవరు కనిపించినా అదే మాట. తేడా తెలిసేది తర్వాత. మోజు మనం తయారుచేసిన వస్తువు చుట్టూ తిరుగుతుంది. తపన ఎదుటి మనిషి కష్టం చుట్టూ తిరుగుతుంది. ఈ తేడా తెలియడానికి నాకు రెండేళ్లూ, మీ అమ్మమ్మ గాజులూ ఖర్చయ్యాయి.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. చెనక్కాయలు వలిచే మిషన్ ఒకటి తయారుచేశాను. రాత్రిళ్లు షెడ్డులోనే పడుకునేవాణ్ణి. డబ్బు చాలకపోతే అమ్మ తన గాజులు తీసిచ్చింది, తాకట్టు పెట్టాను. మిషన్ తయారైంది. చుట్టుపక్కల ఉన్న మిషన్లన్నిటికంటే వేగంగా వలిచేది. మొదటి సీజన్లో కొన్ని అమ్ముడుపోయాయి. రెండో సీజన్లో ఒక్కరూ రాలేదు. పైగా ఒక రైతు కొన్నదాన్ని ఎద్దులబండి మీద వెనక్కి తెచ్చి నా షెడ్డు ముందు దించాడు. కారణం తెలుసుకుందామని ఆయన ఇంటికి వెళ్తే, వాళ్ల అమ్మ చేట నిండా గింజలు పోసి నా ముందు పెట్టింది. సగానికి సగం బద్దలే. "ఇవి గానుగకు పోతాయి నాయనా, ఇత్తనానికి పనికిరావు" అంది.

మన జిల్లాలో పుట్టినవాడికి ఇది కొత్త సంగతా? తొలకరికి ముందు ప్రతి ఇంట్లో ఆడవాళ్లు వసారాలో కూర్చుని విత్తనం కాయలు చేత్తోనే వలిచేవాళ్లు. పప్పు బద్దలైతే మొలవదు, పైపొట్టు గీసుకుపోయినా మొలక సరిగా రాదు. మా అమ్మ పక్కన కూర్చుని నేనూ వలిచినవాణ్ణే. అయినా ఆ రెండేళ్లలో ఒక్కసారి కూడా అది నా తలకెక్కలేదు. నా కళ్ల ముందు ఉన్నదల్లా మిషన్ వేగమే. ఆ పెద్దమ్మతో, మీరు కాయలు మరీ ఎండబెట్టి పోశారని వాదించి వచ్చాను కూడా. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆర్నెల్లు కోపంలో గడిచాయి. తర్వాత మళ్లీ ఆ ఊరికే వెళ్లి, కాయలు వలిచే ఆడవాళ్ల పక్కన వారం రోజులు కూర్చున్నాను. వలిచే ముందు వాళ్లు కాయల మీద నీళ్లు చిలకరించి, కాసేపు గోనెపట్టా కప్పి ఉంచేవాళ్లు. తడి తగిలిన కాయలో పప్పు సులువుగా విరగదు. షెడ్డుకు వచ్చాక మిషన్ లోపలి ఇనుప కమ్మీలకు రబ్బరు తొడిగాను, సందు పెంచాను, వేగం సగానికి తగ్గించాను. మొదట ఏ వేగం చూసుకుని మురిసిపోయానో దాన్నే నా చేతులతో తగ్గించుకున్నాను. ఆ నిదానపు మిషనే ఇరవై ఏళ్లు మన ఇంటికి అన్నం పెట్టింది. అమ్మ గాజులు విడిపించిందీ అదే.

నీ తరం వాళ్ల సంగతే తీసుకుందాం. రెడ్‌బస్ పెట్టిన ఫణీంద్ర సామా మన తెలుగువాడే. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి బయల్దేరితే బస్సు టికెట్ దొరకలేదు. ఏజెంట్ల చుట్టూ తిరిగాడు. ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలాయో ఏ ఒక్కరికీ పూర్తిగా తెలియదని అప్పుడు అర్థమైంది. మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి ముందు బస్సుల యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. వాళ్లు వద్దన్నారు. చేతిరాత చార్టు, ఫోనుతో పని నడుస్తుంటే కంప్యూటర్ ఎందుకన్నది వాళ్ల లెక్క. తమ సాఫ్ట్‌వేర్ మీద మోజు పడినవాళ్లయితే అక్కడే అలిగి ఆగిపోయేవాళ్లు. వీళ్ల పట్టు మాత్రం, పండక్కి ఇంటికి వెళ్లలేని ప్రయాణికుడికి సీటు చూపించడం మీద. అందుకే దారి మార్చి 2006లో నేరుగా ప్రయాణికులకే ఇంటర్నెట్‌లో టికెట్లు అమ్మడం మొదలుపెట్టారు. టికెట్లు అమ్మి నమ్మకం సంపాదించుకున్నాక, సీట్ల లెక్క చూసుకునే సాఫ్ట్‌వేర్‌ను 'బాస్' పేరుతో బస్సుల యజమానులే తీసుకున్నారు. చేసిన వస్తువును పక్కన పెట్టగలిగారు, ప్రయాణికుణ్ణి మాత్రం వదల్లేదు. నువ్వు నేర్చుకోవలసింది ఇదే.

తపనకు ఓపిక కూడా కావాలి. నెల్లూరు జిల్లాలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి గారి చదువు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్. టీకాలకూ ఆ చదువుకూ సంబంధం లేదు. 1992లో జెనీవాలో ఒక సమావేశానికి వెళ్లినప్పుడు హెపటైటిస్-బి మన దేశానికి ఎంత చేటు చేస్తోందో విన్నారు. అప్పట్లో దిగుమతి టీకా ఒక్క మోతాదుకే వందల రూపాయలు. పరిజ్ఞానం ఇమ్మని విదేశీ సంస్థను అడిగితే ఇవ్వకపోగా చిన్నచూపు చూశారు. 1993లో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ మొదలుపెట్టారు. తనకు రాని శాస్త్రం తెలిసిన యువ శాస్త్రవేత్తలను కూడగట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత సీసీఎంబీ పరిశోధన సంస్థలో ప్రయోగాలు సాగాయి. టీకా బయటికి వచ్చింది 1997 ఆగస్టులో. జన్యు పునఃసంయోగ పద్ధతిలో మన దేశంలో తయారైన తొలి టీకా అది. ధర ఎన్నో రెట్లు తగ్గి, సామాన్యుడి బిడ్డకు అందింది.

ఆ నాలుగేళ్లలో చప్పట్లు కొట్టినవాళ్లెవరూ ఉండరు. పరీక్ష పోతుంది, మళ్లీ చేయాలి. డబ్బు అయిపోతుంది, మళ్లీ వెతకాలి. అవమానం వల్ల వచ్చిన రోషం కొన్ని వారాలు నడిపిస్తుంది, అంతే. నాలుగేళ్లు నడిపించాలంటే టీకా అందని పిల్లలు రోజూ కళ్లలో మెదలాలి. వ్యాపారంలో తపన చేసే పని ఇదే. దానంతట అది డబ్బు తేదు, తెలివీ ఇవ్వదు. తెలియనిది నేర్చుకునేదాకా, తెలిసినవాళ్లను వెతికి తెచ్చుకునేదాకా నిన్ను పనిలోంచి కదలనివ్వదు.

ఇప్పుడు నీ పనికి వద్దాం. నాలుగు పేజీల్లో కోల్డ్ రూము గురించి మూడు పేజీలున్నాయి. రైతు గురించి నాలుగు వాక్యాలున్నాయి. అక్కడే నాకు భయం వేసింది తల్లీ.

రాజీనామా ఇచ్చే ముందు నెల రోజులు మదనపల్లె మార్కెట్ యార్డులో నిలబడు. క్రేట్లు దిగే వేళకు వెళ్లి, వేలం అయ్యేదాకా ఉండు. "కోల్డ్ రూము పెడితే వాడతారా?" అని మాత్రం అడగకు. మన ఊళ్లలో ఆడపిల్ల ఆదరంగా అడిగితే ఎవరూ కాదనరు, ఆ మాట నమ్ముకుని నువ్వు మునిగిపోతావు. "పోయినసారి ధర పడినప్పుడు ఏం చేశారు? ఆ రోజు చేతిలో డబ్బు ఎంత ఉంది? కూలీలకు ఎప్పుడిచ్చారు?" అని అడుగు. మండీ యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకున్న రైతు సరుకు దాచుకోగలడా? దాచుకుని వారం తర్వాత అమ్మితే, ఆ వారం ఇల్లు గడిచేదెలా? టమాటా సంగతీ తెలుసుకో. దోరకాయను పది డిగ్రీల కంటే తక్కువ చల్లదనంలో రోజుల తరబడి ఉంచితే బయటికి తీశాక సరిగా పండదు. చల్లగా ఉంచితే చాలనుకుంటే సరుకు పోయేది రైతుది.

అన్నీ విన్నాక, వాళ్లకు కావలసింది కోల్డ్ రూము కాదనీ, రవాణా అనో అప్పు అనో తేలవచ్చు. అప్పుడు కూడా ఆ రైతు కోసం పని చేయాలని నీకు అనిపిస్తే నీది తపనే. కోల్డ్ రూము లేకపోతే ఈ పనే వద్దనిపిస్తే అది మోజు. అలా తేలితే ఉద్యోగంలోనే ఉండు. అందులో చిన్నతనమేమీ లేదు.

డబ్బు విషయంలో నా మాట తప్పకుండా విను. ఏడాది ఇంటి ఖర్చు వేరే ఖాతాలో పెట్టి మీ అమ్మకు అప్పగించు. మీ ఇల్లు తాకట్టు పెట్టకు. ఎంత డబ్బు, ఎన్ని నెలలు పెట్టగలవో ముందే కాగితం మీద రాసి సంతకం చెయ్యి, ఆ హద్దు వచ్చిన రోజున ఆగి లెక్క చూసుకో. నీ దగ్గర పనికి చేరేవాళ్లకు ఒకటో తారీఖు జీతం ఇవ్వు. నీ తపన నీకు అన్నం మరిపించవచ్చు గానీ, వాళ్ల పిల్లల ఫీజు కట్టదు.

ఆ నెల రోజులకు తొలి అడుగుగా, వచ్చే నెల వారం రోజులు సెలవు పెట్టి మదనపల్లె రా. నేనూ వస్తాను. తెల్లవారుజామునే యార్డుకు వెళ్దాం. లాప్‌టాప్ రూములోనే ఉంచి, ఒక నోటు పుస్తకం తెచ్చుకో. నువ్వు తక్కువ మాట్లాడు, రైతును ఎక్కువ మాట్లాడనివ్వు. ఆ పుస్తకం నిండాక, రాజీనామా రాయాలో వద్దో నువ్వే తేల్చుకో. రాస్తానంటే మీ అమ్మను ఒప్పించే బాధ్యత నాది.

ఆశీస్సులతో,
మీ మావయ్య