జీఆర్‌ఈ క్వాంట్: పూర్ణసంఖ్య అన్నారంటే సున్నా, రుణం కూడా లెక్కే

జేఈఈ, ఈఏపీసెట్‌లకు రుద్ది రుద్ది చదివిన విద్యార్థికి జీఆర్‌ఈ క్వాంట్ సిలబస్ కొత్తేమీ కాదు. హైస్కూలు స్థాయిని దాటదు. అయినా అసమీకరణాల దగ్గర మంచి విద్యార్థులూ తడబడుతుంటారు. సూత్రాలు తెలిసినా, ‘పూర్ణసంఖ్య’ అన్న మాటను దత్తాంశంగా చదవరు. ఎక్స్ వర్గం 10 కంటే తక్కువ, ఎక్స్ పూర్ణసంఖ్య అంటే ఎన్ని విలువలు? 1, 2, 3 అని మూడు గుర్తించి ముందుకెళ్లేవారు చాలామంది. సున్నా ఉంది, -1, -2, -3 ఉన్నాయి, జవాబు ఏడు. అదే ‘పూర్ణసంఖ్య’ అనకపోతే విలువలకు లెక్కే ఉండదు. ఆ ఒక్క మాట అటు రుణసంఖ్యలకు తలుపు తెరిచే ఉంచుతుంది, ఇటు భిన్నాలకు మూసేస్తుంది.

రెండోవైపు జరిగే పొరపాటు ఇంకా సూక్ష్మం. -2 ఎక్స్ విలువ 7 కంటే తక్కువ అన్నారనుకోండి. -2తో భాగించి గుర్తు తిప్పితే ఎక్స్ -3.5 కంటే ఎక్కువ అని వస్తుంది. కనిష్ఠ పూర్ణసంఖ్య ఏది? అలవాటుగా 3.5ను 4 చేసినట్టే దీన్నీ -4 చేసేస్తారు. కానీ -4 సంఖ్యారేఖపై -3.5కు ఎడమవైపు ఉంటుంది, జవాబు -3. అలాగే ఎ -4 నుంచి 2 వరకు, బి -3 నుంచి 5 వరకు ఉండే పూర్ణసంఖ్యలైతే వాటి గరిష్ఠ లబ్ధం ఎంత? పెద్దవి రెండూ గుణించి 10 అంటే ఉచ్చులో పడ్డట్టే. రెండు రుణసంఖ్యలను, -4ను -3తో గుణిస్తే 12 వస్తుంది.

సంఖ్యలు వేసి చూడటం గుడ్డిలెక్క అని, బీజగణితంతో చేయడమే పద్ధతి అని కొందరి వాదన. సగం నిజం. క్వాంటిటేటివ్ కంపారిజన్‌లో ఎక్స్ సున్నా కాని పూర్ణసంఖ్య అని చెప్పి, ఎక్స్ వర్గాన్ని ఎక్స్‌తో పోల్చమన్నారనుకుందాం. ఎక్స్ 1 అయితే రెండూ సమానం, 2 అయితే వర్గం పెద్దది. ఫలితాలు రెండు రకాలుగా వచ్చాయి కాబట్టి ‘ఇచ్చిన సమాచారంతో తేల్చలేం’ అనే నాలుగో ఆప్షన్‌కు ఇదే సంపూర్ణ నిరూపణ. అయితే వేసిన నాలుగు సంఖ్యలూ ఒకే ఫలితమిచ్చాయని నమ్మేయడం ప్రమాదం. అక్కడ బీజగణితం కావాల్సిందే. బీజగణితానికీ కాపలా ఉండాలి: ఎక్స్‌ను వైతో భాగిస్తే 1 కంటే ఎక్కువ వచ్చిందని ఎక్స్ పెద్దదనలేం. -4ను -2తో భాగిస్తే 2 వస్తుంది, కానీ పెద్దది -2. గుర్తు తెలియని చరరాశితో అసమీకరణాన్ని గుణించడం అందుకే తగదు.

ఇంత ఆలోచించడానికి సమయమెక్కడిదంటారా? 2023 సెప్టెంబరు నుంచి క్వాంట్‌లో 47 నిమిషాలకు 27 ప్రశ్నలే. సగటున ప్రశ్నకు దాదాపు 100 సెకన్లు. 0, 1, -1, ఒక పెద్ద రుణసంఖ్య, పూర్ణసంఖ్య అనకపోతే అరభాగం కూడా వేసి చూడటానికి అవి చాలు. స్క్రీన్‌పై క్యాలిక్యులేటర్ ఉంటుంది కానీ ఏ సంఖ్య వేయాలో అది చెప్పదు. జీఆర్‌ఈ నిర్వహించే ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే రెండు పవర్‌ప్రెప్ నమూనా పరీక్షలు రాశాక, తప్పిన ప్రతి అసమీకరణం పక్కన మీరు వేసి చూడకుండా వదిలేసిన సంఖ్య ఏదో రాసి పెట్టుకోండి.