సన్మానపత్రం రాసే ముందు

చిరంజీవికి,

ఈ నవంబరులో గ్రంథాలయ వారోత్సవాల చివరి రోజున, మీ ఊళ్లో ఏళ్ల తరబడి స్వచ్ఛందంగా పనిచేస్తున్న కొందరిని సన్మానించాలని పెద్దలు తీర్మానించారనీ, సన్మానపత్రాలు రాసే పని నీకు అప్పగించారనీ రాశావు. నమూనా ఒకటి పంపమన్నావు. నమూనా పంపనమ్మా. చిక్కంతా ఆ నమూనాలోనే ఉంది. మన సన్మానపత్రాల్లో ఒకరి పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాసినా ఏ వాక్యమూ మార్చనక్కర్లేదు. అందరూ నిస్వార్థ సేవాపరాయణులే, అందరూ మృదుభాషులే, అందరివీ వెలకట్టలేని సేవలే. అందరికీ సరిపోయే పొగడ్త ఎవరికీ చెందదు. నా దృష్టిలో సన్మానమంటే మేలు పొందినవాళ్లు, మేలు చేసిన మనిషి ముందు నిలబడి ఒప్పజెప్పే లెక్క. ఎవరు, ఏ పని, ఎన్నాళ్లు, ఎవరి కోసం చేశారో అందులో ఉండాలి. శాలువా, పూలదండ, జ్ఞాపిక ఆ లెక్క చదివేటప్పుడు పక్కన ఉండే మర్యాదలు. లెక్కే లేనప్పుడు ఆ మర్యాదలు దేనికి జరుగుతున్నాయో సభలో ఉన్నవాళ్లకు తెలియదు, శాలువా కప్పించుకున్న మనిషికీ తెలియదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన పద్ధతేం కాదు. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో రాతి మీద చెక్కిన శాసనాలు వందల్లో ఉన్నాయి. రాజుల ప్రశస్తి వచ్చినచోట బిరుదులు వరసకట్టి వస్తాయి, విశేషణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. అఖండదీపానికి దానమిచ్చిన మనిషి దగ్గరికి వచ్చేసరికి రాత తీరే మారిపోతుంది. దాత ఎవరు, ఎన్ని గొర్రెలు ఇచ్చారు, వాటిని ఏ బోయ చేతిలో పెట్టారు, అతను దీపానికి రోజూ ఎంత నెయ్యి కొలవాలి, ఇలా పొడిపొడిగా సాగుతుంది. ఆనాటి కొలతలు, వృత్తులు, ఆడవాళ్ల చేతిలో ఉన్న ఆస్తి గురించి తెలుసుకోవడానికి చరిత్రకారులు ఎక్కువగా ఆధారపడేది ఈ పొడి వాక్యాల మీదే. ఇందులో నాకు మరీ విలువైనదిగా తోచేది ఒకటుంది. గొర్రెలు ఇచ్చినవారి పేరుతో పాటు, ఆ గొర్రెలను మేపి దీపం ఆరకుండా నెయ్యి తెచ్చే మనిషి పేరు కూడా రాతికెక్కింది. ఇప్పటి మన శిలాఫలకాలు చూడు. ప్రారంభించినవారి పేరుంటుంది, చందా ఇచ్చినవారి పేరుంటుంది. పొద్దున్నే తాళం తీసి, ఊడ్చి, పేపర్లు సర్దేవారి పేరు ఉండదు. దీపం వెలిగేది మాత్రం వాళ్ల వల్లే.

గ్రంథాలయాలు నీకు ఇష్టం కనుక వాటి నుంచే ఇంకొక సాక్ష్యం చెబుతాను. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ జరిగింది. దాన్ని నిలబెట్టిన అయ్యంకి వెంకటరమణయ్యకు 1972లో పద్మశ్రీ వచ్చింది. 1935లో పాతూరి నాగభూషణం ఆధ్వర్యంలో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిచింది. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనానికి పాత పత్రికల కోసం ఈనాటికీ పరిశోధకులు వెళుతుంటారు. ఈ పెద్దల పేర్లు మనకు తెలుసు, తెలిసి ఉండటం న్యాయమే. ఆ పడవలోకి పుస్తకాలు మోసినవాళ్లు, వేటపాలెంలో వందేళ్లుగా చెదలు పట్టకుండా కాగితాలు దులిపినవాళ్లు ఎవరు అంటే చాలామంది పాఠకుల దగ్గర జవాబు లేదు. వాళ్ల కష్టం తక్కువదై మరుగున పడలేదు. ఆ ఊళ్లో కూర్చుని రాయగలిగినవాళ్లు రాయనందువల్ల మరుగున పడింది. పద్మ పురస్కారాల జాబితా మీ ఊరి మనిషి దాకా రాకపోవచ్చు. నువ్వు రాసే ఒక పేజీయే ఆ మనిషి పనికి మిగిలే ఒకే ఒక కాగితం కావచ్చు.

సేవ చేసేవారికి గుర్తింపు ఎందుకు, ఫలం ఆశించకుండా చేయాలని గీత చెప్పలేదా అని మీ కమిటీలోనే ఎవరైనా అంటారు. ఆ మాటను తేలిగ్గా తీసుకోకు, అందులో నిజముంది. కానీ ఫలం ఆశించవద్దన్న నియమం పని చేసేవారికి. పుచ్చుకున్నవారు మరిచిపోవచ్చని దానికి అర్థం లేదు. డొక్కా సీతమ్మ గారినే తీసుకో. గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో, వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టిన తల్లి. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవానికి పిలుపు వస్తే, ఆకలితో వచ్చేవాళ్లను వదిలి రాలేనని వెళ్లలేదని ఆ ప్రాంతమంతా చెప్పుకుంటారు. ఆమె వెళ్లకపోవడం ఆమె ధర్మం. ఆమెను తలచుకోవడం మన ధర్మం. 1909లో ఆమె పోయాక చాలా కాలానికి గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజనానికి పెట్టింది. అన్నం పెట్టిన మనిషి పేరు, పంట పొలాలకు నీరు మోసే కట్టడానికి, పిల్లల కంచంలో అన్నానికి. ఇంతకంటే అతికినట్టు ఉండే గౌరవం వెతికినా దొరకదు. పేరు పెట్టినవారికి ఆమె చేసిన పని ఏమిటో తెలుసు కాబట్టి అది అతికింది.

బహుమానాలు సేవను చెడగొడతాయన్నది ఇంకొక అభ్యంతరం. దీనికి పుస్తకాల బలం కూడా ఉంది. రిచర్డ్ టిట్మస్ అనే బ్రిటిష్ పండితుడు 1970లో రక్తదానం మీద రాస్తూ, రక్తానికి డబ్బు కడితే ఇచ్చే మనసు ఎండిపోతుందని వాదించాడు. అది డబ్బు సంగతి. డబ్బు లేని గుర్తింపు మాట వేరని చూపే ఆధారం కూడా ఉంది. యానా గాలుస్ అనే పరిశోధకురాలు జర్మన్ వికీపీడియాలో కొత్తగా చేరిన నాలుగు వేల మందికి పైగా రచయితలను తీసుకుని, వారిలో కొందరికి పైసా విలువ లేని ఒక పురస్కారం అందేలా చేసింది. అది అందుకున్నవాళ్లలో మరుసటి నెలా పని కొనసాగించినవారు, అందుకోనివాళ్లతో పోలిస్తే 20 శాతం ఎక్కువ. తాము చేసింది ఎవరో చూశారని తెలియడమే ఆ తేడాకు కారణమని నేననుకుంటాను. చూశామని చెప్పాలంటే ఏం చూశామో చెప్పాలి కదా. మళ్లీ మనం వివరం దగ్గరికే వచ్చాం.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. దానికి పూర్తి జవాబు నా దగ్గర లేదు, అభ్యంతరం చెప్పేవారి వైపే నేనూ నిలబడతాను. ఇవ్వాల్సింది ఎగ్గొట్టడానికి గౌరవాన్ని అడ్డం పెట్టుకుంటున్నారు అంటారు వాళ్లు. మన భాషలో గౌరవ వేతనం అనే మాట ఉంది. వేతనం తగ్గినచోట ఆ లోటును గౌరవంతో పూడ్చే మాట అది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత వాలంటీరు అంటేనే నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం మీద పనిచేసే మనిషి అని జనం నోట స్థిరపడింది. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని పది లక్షలకు పైగా ఆశా కార్యకర్తలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ప్రకటించింది. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ తిరిగిన ఆ ఆడవాళ్లకు అంతకంటే తగిన గౌరవం లేదు. అయినా కేంద్రం లెక్కలో ఆశా ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త. ఫలానా పనికి ఇంత అని పారితోషికం. అవార్డుకు ముందూ, ఆ తర్వాతా, తమను కార్మికులుగా గుర్తించమని వాళ్లు రోడ్డెక్కుతూనే ఉన్నారు. సీతమ్మ గారి పేరు పెట్టుకున్న పథకంలో వంట చేసే మనిషి సంగతీ చూడు. కేంద్రం 2009లో నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలు. రాష్ట్రం తన వంతు కలిపి మూడు వేలు చేసింది. పొయ్యి ముందు నిలబడి పిల్లలందరికీ వండే మనిషికి అది కూలి కింద లెక్కకు వస్తుందా? అందుకే నీకో గీత గీసి చెబుతున్నాను. తన ఇష్టం కొద్దీ, తన తీరికలో, మానాలనుకుంటే మానేసే స్వేచ్ఛతో చేసేవారికి సన్మానం. రోజూ వేళకు రావాల్సిందే, రాకపోతే సంజాయిషీ చెప్పాల్సిందే అనే మనిషికి ముందు జీతం, ఆ తర్వాతే సన్మానం. మీ జాబితాలో రెండో రకం వారుంటే వేదిక మీదికి పిలవవద్దనను. వారి పత్రంలో ఎన్ని నెలల గౌరవ వేతనం బకాయి ఉందో ఆ సంఖ్య కూడా రాయి. వేదిక మీది అధికారులకు ఇబ్బందిగా ఉంటుంది. ఉండనీ.

ఒకరిని ఎంచితే పదిమంది నొచ్చుకుంటారన్నావు. నిజమే, పని అనేది ఒక్కరి చేతి మీద నడవదు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్య కోటికి పైగా మొక్కలు నాటాడని పేరు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఆ మొక్కల పనిలో భార్య జానమ్మ తోడుగా నడిచింది. పతకం మీద ఒక్క పేరే పడుతుంది, పత్రంలో నీకు ఆ ఇరుకు లేదు. ఎవరి సాయంతో చేశారని ఒక ప్రశ్న వేసుకుంటే పేర్లు అవే వస్తాయి. ఆ పేర్లన్నీ పత్రంలోకి ఎక్కించు. పత్రం నిడివి పెరిగితే విశేషణాలు తీసెయ్. విశేషణాలు తీసేశాక ఏమీ మిగలకపోతే, ఆ మనిషి గురించి మనం అడిగి తెలుసుకోలేదని అర్థం. అప్పుడు కలం పక్కన పెట్టి వాళ్ల దగ్గరికి వెళ్లు. ఏ సంవత్సరం మొదలుపెట్టారు, మధ్యలో ఎందుకు ఆగారు, ఎవరు అడ్డుపడ్డారు, ఏది కుదరలేదు, ఇప్పుడు ఏం సాయం కావాలి, ఇవన్నీ అడుగు. కుదరనిదాన్ని కూడా రాయి, రేపు ఆ పని అందుకునేవారికి పనికొస్తుంది. పత్రాన్ని చట్రం కట్టించి ఇంటికి పంపడంతో సరిపెట్టకుండా, ప్రతి ఒకటి గ్రంథాలయంలో సంవత్సరం వేసి బైండు చేయించి ఉంచండి.

సభకు రెండు రోజుల ముందు, రాసింది ఆ మనిషికే ఒకసారి చదివి వినిపించు. తేదీలు తప్పుంటే తనే దిద్దుతుంది. తను వదిలేసిన పేరొకటి అప్పుడే గుర్తొస్తుంది. దానికి చోటుండేలా కింద రెండు గీతలు ఖాళీగా వదిలి తీసుకెళ్లు.

ఆశీస్సులతో,
తాతయ్య