తోక ఎత్తే నల్ల పురుగు: హెయిరీ రోవ్ బీటిల్‌ని గుర్తుపట్టడం ఎలా?

అమెరికాలో పేడ కుప్ప, చచ్చిన జంతువు, కుళ్లిన పుట్టగొడుగులు ఉన్నచోట నల్లగా, పొడుగ్గా ఉండి, కదిలిస్తే తోక పైకెత్తే పురుగు ఒకటి కనిపిస్తుంది. తేలు అనుకుని మందు కొట్టేవాళ్లున్నారు. కానీ అది ఈగల లార్వాల్ని తినే మిత్రపురుగు. దాన్ని చంపితే లాభం ఈగలకే. గుర్తులన్నీ వీడియోలో దగ్గరగా చూపించాను, ఇక్కడ వరుసగా రాస్తున్నా.

ముందు పేరు సంగతి

ఇది పెంకు పురుగుల్లో స్టాఫిలినిడే కుటుంబం. ఈ ఒక్క కుటుంబంలోనే 60 వేలకు పైగా జాతులున్నాయి. 1758లో లిన్నేయస్ దీనికి స్టాఫిలినస్ మాక్సిల్లోసస్ అని పేరు పెట్టాడు. తర్వాత క్రియోఫిలస్ అనే ప్రజాతిలోకి మార్చారు. గ్రీకులో ఆ మాటకి మాంసం ఇష్టపడేది అని అర్థం. మాక్సిల్లోసస్ అంటే పెద్ద దవడలున్నది. ఉత్తర అమెరికాలో విరివిగా ఉండేది విల్లోసస్ అనే ఉపజాతి. అంటే నూగు ఉన్నది. పేరు గుర్తుంటే సగం గుర్తులు వచ్చేసినట్టే.

చూడాల్సిన గుర్తులు

1. పొడవు: సుమారు 12 నుంచి 20 మిల్లీమీటర్లు.
2. ముందు రెక్కలు: పొట్టిగా ఉంటాయి, పొట్ట చాలావరకు బయటికే కనిపిస్తుంది. ఎగిరే రెక్కలు వాటి కింద మడిచి ఉంటాయి. బాగా ఎగరగలదు.
3. తల, మెడ వెనక భాగం: నున్నగా, మెరిసే నలుపు.
4. నూగు పట్టీ: ముందు రెక్కల మీద అడ్డంగా, పొట్ట మొదటి కణుపుల మీద బూడిద-పసుపు రంగు నూగు. అసలైన గుర్తు ఇదే.
5. దవడలు: కొడవలిలా వంగి ముందుకి ఉంటాయి.

వేటితో పొరబడతాం?

తోక చివర పటకారు ఉంటే అది ఇయర్‌విగ్, రోవ్ బీటిల్ కాదు. ఒళ్లంతా నలుపే ఉండి, నూగు పట్టీ లేకుండా, ఇంకా పెద్దగా ఉంటే డెవిల్స్ కోచ్ హార్స్ కావచ్చు. యూరప్ నుంచి వచ్చిన ఆ జాతి కాలిఫోర్నియాలో ఉంది. గోధుమ రంగు మచ్చలతో, తోక కొస బంగారు రంగులో ఉంటే ఆంథోలెస్టెస్ సింగ్యులేటస్.

మన దగ్గర యాసిడ్ ఫ్లై అని పిలిచే పెడెరస్ కూడా ఇదే కుటుంబం. నారింజ, నలుపు రంగుల్లో, సన్నగా, సెంటీమీటరు లోపు ఉంటుంది. ఒంటి మీద నలిపితే చర్మం బొబ్బలెక్కుతుంది. అయితే అది కూడా వరి పొలంలో దోమల్ని తినే పురుగే. కాబట్టి నలపకండి, నోటితో ఊది పంపేయండి.

ఏం చేయాలి?

హెయిరీ రోవ్ బీటిల్ పెద్దదీ తింటుంది, దాని పిల్లపురుగూ వేటాడుతుంది. పంట ఆకు జోలికి రాదు. కుప్పలో కనిపిస్తే అలాగే వదిలేయండి. చేత్తో పట్టుకుంటే కొరకొచ్చు. అది తిరిగేది కుళ్లు మీద కాబట్టి, ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోండి. దీన్ని ఇక్కడికి తెప్పించుకునే ఆలోచన మాత్రం వద్దు. మన పేడ కుప్పల్లో మన రోవ్ బీటిల్స్ ఉన్నాయి. మందు కొట్టకుండా ఉంటే అవే పని చేస్తాయి.