విమానము నుండి పైరు వెలుగును కొలుచుట – కొలత నాణ్యతను పరీక్షించు విధము

పైరు పచ్చగా ఉన్నంతమాత్రమున ఆకులలో పని సక్రమముగా జరుగుచున్నదని చెప్పలేము. నీటి ఎద్దడి తగిలిన చేను కొన్నాళ్లు పచ్చగానే నిలిచియుండవచ్చును. ఆకు వాడి రంగు తిరిగిన పిమ్మట గాని ఆ సంగతి మన కంటికి తెలియదు. అప్పటికి దిగుబడి కొంత పోయియే ఉండును. ఈ కొరతను తీర్చుటకై, పైరు తానే వెలువరించు ఒక సన్నని వెలుగును విమానము నుండి కొలుచు పద్ధతి ఐరోపాలో రూపొందినది. అట్టి కొలతను ఎంతవరకు నమ్మవచ్చును, దానిని ఎట్లు పరీక్షింపవలెను అను విషయములను రైతు సోదరులకు తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఆకు వెలుగు అనగానేమి?

ఆకులోని పత్రహరితము గ్రహించిన ఎండ మూడు దారులు పట్టును. కొంత కిరణజన్య సంయోగక్రియకు, అనగా ఆహారము తయారీకి వినియోగపడును. కొంత వేడిగా మారిపోవును. నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రము ఎర్రని వెలుగుగా తిరిగి బయటకు వచ్చును. దీనినే ప్రతిదీప్తి అందురు. ఆకులను సారాయిలో నానబెట్టి తీసిన పచ్చని రసములో ఎండను పంపి, 1834లో డేవిడ్ బ్రూస్టర్ అను శాస్త్రజ్ఞుడు ఈ ఎరుపును చూచెను.

దీనిని మన ఇంటనే చూడవచ్చును. తోటకూర ఆకులను నూరి, స్పిరిటులో కలిపి వడకట్టి, ఆ రసమును గాజు గ్లాసులో పోసి, చీకటి గదిలో నకిలీ నోట్లను గుర్తించు ఊదా దీపము క్రింద ఉంచినచో ఎర్రగా వెలుగును. స్పిరిటు మండు పదార్థము గనుక పొయ్యికి దూరముగా ఉంచవలెను.

కొలుచు విధము

చేనిలో ఈ ఎరుపు కంటికి కనబడదు. ఆకుపై పడి తిరిగివచ్చు ఎండ దానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. అయితే గాలిలోని ఆక్సిజన్ 687, 760 నానోమీటర్ల వద్ద ఎండను చాలవరకు మ్రింగివేయును. (నానోమీటరు అనగా మిల్లీమీటరులో పది లక్షవ వంతు.) అందువలన ఎండ రంగుల వరుసలో ఆ రెండు చోట్ల చీకటి పట్టీలు ఏర్పడును. ఎండ తగ్గిన ఆ చోట్ల ఆకు వెలుగు కొలతకు చిక్కును. చీకటి పట్టీ ఎంత పూడినదో చూచి వెలుగును లెక్కగట్టుదురు.

జర్మనీలోని యూలిష్ పరిశోధనా కేంద్రము, ఫిన్లండు దేశపు స్పెసిమ్ సంస్థతో కలిసి ఇందుకై హైప్లాంట్ అను పరికరమును తయారుచేసినది. 2012 నుండి దీనిని చిన్న విమానములో అమర్చి పొలములపై ఎగురవేసిరి. 600 మీటర్ల ఎత్తు నుండి సుమారు చదరపు మీటరుకు ఒక చుక్క చొప్పున పటము వచ్చును. 2015లో ఐరోపా అంతరిక్ష సంస్థ ఎంపిక చేసిన ఫ్లెక్స్ ఉపగ్రహ పథకమునకు ఈ కొలతలు ఉపయోగపడినవి.

నాణ్యతా పరీక్షలు

ఈ పటము నేరుగా తూచినది కాదు, లెక్కగట్టినది. లెక్కలో చిన్న పొరపాటు వచ్చినను లేని వెలుగు ఉన్నట్లు తోచును. కావున ఈ క్రింది పరీక్షలు అవసరము.

1. వట్టి నేల పరీక్ష: ధాన్యము తూచుటకు ముందు ఖాళీ తక్కెడలో పాసంగము ఉన్నదేమో చూతుము. అట్లే పటములోని దుక్కి నేలను, తారు రోడ్డును చూడవలెను. అచ్చట పత్రహరితము లేదు గనుక విలువ సున్నకు దగ్గరగా ఉండవలెను. దుక్కిలో కూడ వెలుగు కనబడినచో, ప్రక్కనున్న పైరు కొలతలోను అట్టి తప్పు చేరియుండునని అనుమానింపవలెను.

2. నేలమీది కొలతతో పోల్చుట: విమానము పోవు వేళకే, అదే చేనిలో పైరుకు పైన నిలిపిన పరికరముతో కొలువవలెను. ఎండతోపాటు వెలుగు మారును గనుక ఉదయపు కొలతను మధ్యాహ్నపు కొలతతో పోల్చరాదు. పలుచని పైరులోను, దట్టమైన పైరులోను రెండు కొలతలు సరిపోవలెను.

3. గాలి సవరణ: విమానమునకు పైరుకు నడుమనున్న ఆక్సిజన్ కూడ అవే చోట్ల వెలుగును మ్రింగును. విమానపు ఎత్తు, నేల ఎత్తుపల్లములు, గాలి ఒత్తిడి లెక్కలో చేర్చనిచో ఆ పటము పనికిరాదు.

4. పరికరపు నిలకడ: హైప్లాంట్ సుమారు పావు నానోమీటరు తేడాను పట్టగలదు. వేడి, చలి, కుదుపులవలన అందులో కొద్దిపాటి జరుగుబాటు కలిగినను చీకటి పట్టీ లోతు తప్పుగా వచ్చును. విమానము పోయిన దారి వెంట పటములో చారలు కనబడినచో పరికరమును శంకింపవలెను గాని పైరును కాదు.

5. మరల కొలుచుట: ప్రక్కప్రక్క దారులలో వెంటవెంటనే ఎగిరినప్పుడు, రెండింటను పడిన మడి ఇంచుమించు ఒకే విలువ చూపవలెను. సమముగా పెరిగిన మడిలో విలువలు ఎగుడుదిగుడుగా ఉన్నచో చాల చుక్కల సగటు తీయవలెను. సగటువలన ఎగుడుదిగుడు తగ్గును; తక్కెడలోని పాసంగము వంటి తప్పు మాత్రము పోదు. మబ్బు నీడ పడిన భాగమును విడిచివేయవలెను.

వెలుగు హెచ్చినచో మంచిదేనా?

కొలత సరిగా ఉన్నను అర్థము తప్పుగా చెప్పుకొను ప్రమాదము కలదు. 2015లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, పచ్చికపై కిరణజన్య సంయోగక్రియను అడ్డగించు కలుపుమందును చల్లి హైప్లాంట్‌తో కొలిచిరి. మందు చల్లిన పచ్చికలో వెలుగు చల్లని దానికంటె హెచ్చుగా వచ్చినది. ఆహారపు దారి మూసుకొనుటయే దీనికి కారణము. పచ్చదనములో మాత్రము రెంటికి తేడా కనబడలేదు. మరియొకవైపు, నీటి ఎద్దడిలో ఆకు ఎండను ఎక్కువగా వేడిరూపమున వదలుటచే వెలుగు తగ్గుట కలదు. ఆకులు తక్కువైన పలుచని పైరులోను తగ్గును. కనుక వెలుగు హెచ్చినచో పైరు బాగున్నదనియు, తగ్గినచో ఎరువు చాలలేదనియు తీర్మానింపరాదు.

రైతులు గమనింపవలసినవి

డ్రోనులతో తీసిన రంగుల పటములు చాలవరకు ఆకు పచ్చదనమును తెలుపునవే గాని వెలుగు కొలతలు కావు. ఎవరైనను పటము చూపి ఎరువో మందో వేయుమన్నచో ఈ నాలుగు ప్రశ్నలు అడుగవలెను. ఇది పచ్చదనమా, వెలుగా? దుక్కి నేలలో విలువ ఎంత వచ్చినది? అదే వేళ నేలమీద కొలిచిరా? ఎత్తుకు, గాలికి సవరణ చేసిరా?

సరియైన జవాబులు వచ్చిన పిమ్మట కూడ, పటములో తేడా చూపిన చోటికి స్వయముగా పోవలెను. గుప్పెడు మట్టి తీసి తేమ చూడవలెను. ఆకు అడుగున పురుగును, మొక్క మొదట కుళ్లును వెదకవలెను. బాగున్న చోటి మొక్కతో పోల్చవలెను. పటము ఎక్కడ చూడవలెనో చెప్పును. ఏమి జరిగినదో చేనే చెప్పవలెను. అది తెలిసిన తరువాతనే యూరియా బస్తా మూతి విప్పవలెను.