లాక్‌డౌన్‌లో మూసిన తలుపుల వెనుక

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. బయట వ్యాధి ఉంది, ఇల్లే క్షేమం అనుకున్నాం. భర్త చేతిలో దెబ్బలు తినే స్త్రీకి మాత్రం ప్రమాదం ఆ ఇంట్లోనే ఉంది.

ఒకరోజు ఆన్‌లైన్ పాఠం చెబుతుండగా ఒక బాలిక ఫోనులోంచి గిన్నెలు విసిరిన చప్పుడు, తండ్రి కేకలు, తల్లి ఏడుపు వినిపించాయి. ఆ పాప గబగబా మైకు ఆపేసింది. నేను మరో విద్యార్థిని ప్రశ్న అడిగి పాఠం కొనసాగించాను. ఇంటి విషయం, మనకెందుకు అనుకున్నాను. అది నా తప్పు.

జాతీయ మహిళా కమిషన్‌కు 2019లో మూడు వేలలోపే ఉన్న గృహహింస ఫిర్యాదులు 2020లో ఐదు వేలు దాటాయి. లాక్‌డౌన్‌లో ఫిర్యాదు చేయడమే కష్టమైంది. బస్సులు లేవు, పుట్టింటికి దారి లేదు. చాలా ఇళ్లలో ఒక్కటే ఫోను, అదీ భర్త చేతిలో. అందుకే కమిషన్ 2020 ఏప్రిల్ 10న వాట్సాప్ నంబరు ప్రారంభించింది. ఫోను రాలేదంటే ఆ ఇల్లు ప్రశాంతంగా ఉందని అర్థం కాదు.

పని పోయింది, చేతిలో డబ్బు లేదు, అందుకే కోపం అంటారు. ఆ కష్టం భార్యకూ ఉంది కదా! కష్టం వల్ల కోపం రావచ్చు. కొట్టే హక్కు రాదు. ప్రవక్త (స) ఏ స్త్రీ మీదా చేయెత్తలేదని హజ్రత్ ఆయిషా (ర) తెలిపారు.

తగాదా వేరు, హింస వేరు

ఇద్దరూ సమానంగా మాట్లాడగలిగితే అది తగాదా. ఇరువైపుల నుంచి చెరొక మధ్యవర్తి కూర్చుని సర్దిచెప్పాలని దివ్య ఖుర్ఆన్ (4:35) చూపిన మార్గం ఉంది. ఒకరు మరొకరికి భయపడి నోరు విప్పలేకపోతే అది హింస. అక్కడ ముందు కావలసింది రక్షణ. దెబ్బలు తిన్న ఆడబిడ్డతో "సర్దుకుపో అమ్మా" అని పంపే పంచాయితీ ఆమెను మళ్లీ ఆ దెబ్బలకే అప్పగిస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

2005 నాటి గృహహింస నిరోధక చట్టం అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. కొట్టడమే కాదు, తిట్లు, అవమానాలు, ఖర్చులకు డబ్బివ్వకపోవడం కూడా హింసే. ఇల్లు తన పేరున లేకపోయినా అందులో ఉండే హక్కు భార్యకు ఉంది. హింస జరుగుతోందని తెలిసిన ఎవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదు. అంటే పొరుగువారు, బంధువులు, నాలాంటి ఉపాధ్యాయులు అందరూ చెప్పవచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112.

సోదరీ సోదరులారా! లాక్‌డౌన్ ముగిసింది, తలుపులు తెరుచుకున్నాయి. పక్కింట్లో ఏడుపు వినిపిస్తే ఆ రోజు నేను చేసినట్లు చేయకండి. ఏదో ఒక సాకుతో వెళ్లి తలుపు తట్టండి. తర్వాత ఆమెను ఒంటరిగా కలిసి, "నీకేం కావాలమ్మా?" అని అడగండి. ఆమె చెప్పింది నమ్మండి.