నోర్డ్‌లింగెన్: ఉల్కాబిలంలో కోట పట్టణం

జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో ఉన్న నోర్డ్‌లింగెన్ చుట్టూ మధ్యయుగాల నాటి ప్రాకారం నేటికీ చెక్కుచెదరలేదు. ప్రధాన ద్వారాలు 5. సుమారు 2.7 కిలోమీటర్ల గోడపై కప్పు కింద నడుస్తూ సందర్శకులు ఊరంతా చుట్టిరావచ్చు.

అసలు విశేషం నేలలోనే ఉంది. సుమారు 1.5 కోట్ల ఏళ్ల క్రితం గ్రహశకలం ఢీకొని ఏర్పడిన రీస్ బిలంలో ఈ ఊరు వెలసింది. బిలం వ్యాసం దాదాపు 24 కిలోమీటర్లు. దీన్ని అగ్నిపర్వత బిలమని చాలాకాలం నమ్మారు. తీవ్ర పీడనంలో పుట్టే కోయెసైట్ ఖనిజాన్ని 1960లో ఇక్కడి శిలల్లో గుర్తించి శాస్త్రవేత్తలు యూజీన్ షూమేకర్, ఎడ్వర్డ్ చావో ఆ వాదనకు తెరదించారు.

ఊళ్లోని సెయింట్ జార్జ్ చర్చిని కట్టిన, ఆ తాకిడిలో ఏర్పడిన సువైట్ అనే రాయిలో కంటికి కనిపించని సూక్ష్మ వజ్రాలున్నాయి. సుమారు 90 మీటర్ల ఎత్తున్న ఆ చర్చి గోపురం పేరు 'డేనియల్'. రాత్రివేళ కావలివాడు దానిపై నుంచి కేకవేసే ఆచారం ఇప్పటికీ కొనసాగుతోంది.

1970లో అపోలో-14 వ్యోమగాములు ఈ రీస్ బిలంలో కూడా భూగర్భ శాస్త్ర శిక్షణ పొందారు.