పోటీ పరీక్షల ప్రత్యేకం: అండోత్పత్తి మందుకు తోడు ఈస్ట్రోజెన్ ఎందుకు?

అండోత్పత్తి మందు క్లోమిఫెన్ హైపోథాలమస్‌లో ఈస్ట్రోజెన్ గ్రాహకాలను అడ్డుకుంటుంది. ఒంట్లో ఈస్ట్రోజెన్ తగ్గిందనుకుని పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌లను ఎక్కువగా వదులుతుంది, అండం పక్వమవుతుంది. చిక్కల్లా ఇక్కడే: అదే మందు గర్భాశయ లోపొరను పలచన చేయగలదు, గర్భాశయ ముఖద్వారంలోని జిగురును చెడగొట్టగలదు. ఆ లోటు పూడ్చాలనే ఎస్ట్రడయాల్ వాలరేట్ అనే ఈస్ట్రోజెన్ జోడిస్తారు. పొర మందం పెరిగిందని కొన్ని పరిశోధనలు చెప్పాయి. గర్భం నిలిచే అవకాశం పెరుగుతుందని మాత్రం గట్టిగా తేలలేదు. స్టేట్‌మెంట్ ప్రశ్నల్లో పట్టేసేది ఈ తేడానే.

అండోత్పత్తికే వాడే మరో మందు లెట్రోజోల్ అరొమటేజ్ నిరోధకం. గ్రాహకాల జోలికి పోదు. సంతానలేమికి దాని వాడకాన్ని భారత్ 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధం ఎత్తేసింది.

పలాస, టెక్కలి అభ్యర్థులకు ఇంకో కోణం. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ముదిరితే ప్రొలాక్టిన్ పెరిగి నెలసరి, అండోత్పత్తి గతి తప్పుతాయి. అందుకే కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట, మందస వంటి ఉద్దానం మండలాల్లో సంతానం కోసం మందులు మొదలుపెట్టేముందు క్రియాటినిన్ చూపించుకోవడమే తెలివి. పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

చివరి బిట్: అండాన్నో వీర్యాన్నో శరీరం బయట వాడని మాత్రల చికిత్స 2021 సహాయక పునరుత్పత్తి సాంకేతికత (ఏఆర్‌టీ) చట్టం నిర్వచనంలోకి రాదు. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2022 జనవరి 25న.